రెండు వందల బైసల బిళ్ల

రువిల శుక్రవారం.
నలుగురం ఉండే గదిల, చాప మీద
కంప్యూటర్‌ను పక్కకు పండబెట్టిన,
ఈనలేని బర్రెను పండబెట్టినట్టు.

ఇది నేను కొన్నది కాదు.
రాజేశం నాకు తొమ్మిది రియాళ్లు బాకీ.
వీసా క్యాన్సిలై పోయేటప్పుడు
"పైసలు లేవన్నా, గిది ఉంచుకో" అన్నడు.
తొమ్మిది రియాళ్లు ఇంత బరువుంటయని
మూడో అంతస్తుకు మోసినప్పుడు తెలిసింది.

ఆన్ చేసి ఛాయ్ పెట్టుకొని రావచ్చు.
తాగి, గిలాస కడిగి బోర్లించొచ్చు.
ఒకసారి లింబాద్రి కిందికి పోయి ఖుబ్బూస్ తెచ్చిండు.
అప్పటికీ తిరుగుతనే ఉన్నది నీలం చక్రం.

నాకేమో దాని మీద డక్టుల బొమ్మ గీయాలె.
పన్నెండేండ్ల సంది ఏసీలు బిగిస్తున్న.
జూన్‌ల మిద్దె మీది రేకుకు నా చెయ్యి ఎరుకే,
గుర్తుపట్టి మరీ కాలుస్తది.
కింద చల్లటి ఆఫీసుల గీతలు గీసే పిలగాడు
ఆ రేకు ఎట్ల వంగుతదో ఎన్నడూ చూసినోడు కాదు.
ఆ కుర్చీ మీద నా కన్ను.

చేతిల పదిహేను రియాళ్లు.
ఇంటికి పంపేవి కావు, చిట్టీవి కావు,
రంజాన్ నెల ఓటీల మిగిలినవి.

హమ్రియాల దిల్‌మురాద్ దుకాణం.
అద్దాల పెట్టెల ర్యాములు
ఎండుచేపలు పేర్చినట్టు.
"ఈ బోర్డుకు నాలుగు జీబీ దాటితే అరగదు భాయ్."
నాకూ గంతే, ఒక పూటకు నాలుగు రొట్టెలు అన్న.
ఆయన నవ్వలే. ధరా తగ్గియ్యలే.
వాడిన ర్యాములు రెండు, మూడున్నర.
కొత్త ఎస్ఎస్‌డీ, చిన్నది, ఎనిమిది.
ప్రాసెసర్‌కు పూసే లేపనం ఊకెనే ఇచ్చిండు,
ఎవరికో పూసి మిగిలిన సిరంజిల
అడుగున శనగగింజంత.
గ్రాఫిక్స్ కార్డు దిక్కు చూసిన.
అదీ నా దిక్కు చూసింది.
ధర కాడ ఇద్దరం మొకం తిప్పుకున్నం.

మూత ఇప్పితే
ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దుప్పటి.
నాకు తెల్వని దుమ్ము కాదు.
సగం ఇసుక, సగం మనిషి తోలు,
జరంత ఉల్లిగడ్డ తాలింపు.
రోజూ పది ఇండ్ల ఫిల్టర్ల కెల్లి దులిపేది ఇదే.
బ్లోయర్ పెట్టి కొట్టిన.
నలుగురం దగ్గినం.
సాయన్న తిట్టుకుంట బనీను మార్చుకున్నడు.

స్క్రూలు బిగించి స్విచ్చేస్తే
ఎనిమిది లెక్కపెట్టేలోపు లేచి కూసున్నది.
ఛాయ్ పెట్టనీకి లేచిన లింబాద్రి
మల్ల కూసున్నడు.

గని మూలకు తేదీ చూడు:
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.
ఎన్నిసార్లు ఆపి పెట్టినా అదే దినం.
బోర్డు మీది బిళ్ల సచ్చిపోయింది.
కరెంటు తీస్తే చాలు, అన్నీ మరుస్తది.

ఆ దినం నేను జగిత్యాలలనే ఉన్న.
ఏజెంటు ఇంకా నా పాస్‌పోర్టు అడగలే.
మూడు రూపాయల మిత్తి మొదలు కాలే.
రాజేశం ఎవడో నాకు తెల్వదు,
తెల్వనోడు బాకీ ఎట్లుంటడు?

కొత్త బిళ్ల రెండు వందల బైసలు.
అన్నిట్ల అగ్గువది అదే.
కొని మూడు దినాలు జేబులనే ఉంచుకున్న.
డ్యూటీ నుంచి వచ్చి స్విచ్చెయ్యంగనే
ఒక్క నిమిషం, అప్పు లేనోని లెక్క
ఆ తేదీ ముంగట కూసునేది.

గని తేదీ తప్పుంటే నెట్టు లోపలికి రానియ్యదు.
ఎయిర్‌పోర్టుల పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూసేటోని లెక్క
ఏ పాఠం తెరిచినా అడ్డం నిలవడుతది.

నాలుగో దినం బిళ్ల పెట్టిన.
తేదీ అడిగింది.
ఇయ్యాల ఎంత అంటే ముగ్గురు మూడు చెప్పిండ్రు.
లింబాద్రిది తేదీ కూడ కాదు,
"జీతానికి ఇంక తొమ్మిది దినాలు" అన్నడు.
దాన్ని బట్టే లెక్కగట్టి కొట్టిన.

రాత్రి మొదటి డక్టు గీసిన.
ఆరు వందల రేకు, ఒక మలుపు.
మలుపు కాడ గీత తప్పింది.
చెరిపి మల్ల గీసిన.

మూడు రియాళ్ల మూడొందల బైసలు మిగిలినయి.
మౌసు ఎడమ బటను
రెండుసార్లు నొక్కితే ఒకసారి పడుతది.
వచ్చే శుక్రవారం చూడాలె.